వెబ్‌సైటును చిట్టావలె వ్రాసికొనుట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదు సంవత్సరములుగా మన ఊరి గ్రంథాలయము నిరాటంకముగా నడచుచున్నది. ఈ సందర్భమున భారత భాగవతములనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని యడిగియుండినచో నాకు సులభముగా నుండెడిది. కాని కార్యదర్శిగారు నాకు వేరొక విషయమును నిర్ణయించిరి. చిన్న వర్తకులును, సేవాసంఘములును తామే సులభముగా మార్చుకొనదగిన వెబ్‌సైటును ఎట్లు కట్టించుకొనవలెనో చెప్పుమనిరి. నేను ఇంజనీరును గాను. ముప్పది యేండ్లుగా ఈ ఊరి దుకాణములకును, పాల సంఘమునకును, పొదుపు సంఘములకును లెక్కలు వ్రాయుచున్నవాడను. కావ్యములు చదువుట నాకు ఇష్టము. లెక్కలు వ్రాయుట నా వృత్తి. అయినను ఈ విషయము లెక్కలవానికి పరాయిది కాదని నా నమ్మకము. వెబ్‌సైటు కూడ ఒక పుస్తకమే. అయితే అది కావ్యమువంటి పుస్తకము కాదు, చిట్టావంటి పుస్తకము. కావ్యమును కవి ఒకసారి ముగించినచో తరతరములు నిలుచును. చిట్టాను ఒక దినము వ్రాయక విడిచినచో మరునాటికే అది నమ్మదగనిదగును.

వెబ్‌సైటనగా నేమో మొదట చెప్పుకొందము. సెల్‌ఫోను లేని యిల్లు నేడు అరుదు. కాని అందులో కనబడు పుట ఎక్కడినుండి వచ్చుచున్నదో విచారించినవారు తక్కువ. రేయింబవళ్లు నడచుచుండు ఒక కంప్యూటరులో మన పుటలు నిలువయుండును. ఆ కంప్యూటరును సర్వరందురు. అందులో మనము అద్దెకు తీసికొను చోటు హోస్టింగు. ఆ చోటికి జనులు దారి తెలిసికొని వచ్చుటకై మనము పెట్టుకొను పేరు డొమైను. బజారులో గది అద్దెకు తీసికొని, పైన పేరుపలక కట్టినట్లే యిదియును. గది మారినను పేరు మారనక్కరలేదు. పేరు పోయినచో మాత్రము పాత ఖాతాదారులు మనలను కనుగొనజాలరు. ఈ భేదమును జ్ఞాపకముంచుకొనుడు, తరువాత పనికివచ్చును.

పాతబడిన వ్రాత చేయు హాని

ఒక విత్తనముల దుకాణము వెబ్‌సైటులో ఆదివారము కూడ తెరచియుండునని వ్రాసియున్నదనుకొనుడు. యజమాని ఆదివారము సెలవు పెట్టుట మొదలిడి రెండేండ్లయినది, పుటను మార్చలేదు. తొలకరి పదునులో పది మైళ్లు వచ్చిన రైతు తాళమును చూచి మరలిపోవును. ఆవకాయయు, అప్పడములును అమ్ము మహిళల పొదుపు సంఘమొకటి ఉన్నదనుకొనుడు. నూనె ధర పెరిగినది. వెబ్‌సైటులో పాత ధరయే నిలిచియున్నది. హైదరాబాదునుండి ఒకరు ఆ ధరను నమ్మి సొమ్ము పంపిరి. ఇప్పుడు సంఘము నష్టమునకైనను అమ్మవలెను, లేదా మాట తప్పితిరనిపించుకొనవలెను. ఇక రక్తదాతల సంఘము. అర్ధరాత్రి ఆసుపత్రి వసారాలో నిలబడి ఒకడు ఆ పుటలోని నంబరునకు ఫోను చేయును. ఆ నంబరు ఇప్పుడు వాడుకలో లేదు. దుకాణములకు కలిగెడు నష్టము రూపాయలలో తేలును. ఇక్కడ నష్టము ఒక నిండు ప్రాణము కావచ్చును.

పరులమాట యెందులకు? మన గ్రంథాలయమునకే కొన్ని యేండ్ల క్రిందట ఒక సంస్థవారు ఉచితముగా వెబ్‌సైటు కట్టియిచ్చిరి. రంగులు మనోహరములు, పుట తెరవగానే బొమ్మలు కదలును. కాని అందులో ఒక్క అక్షరమును మార్చుటకు మనకు అధికారము లేదు. పోటీపరీక్షలకు చదువుకొను పిల్లలకొరకు మనము ఉదయపు వేళలను చేర్చితిమి. వెబ్‌సైటులో నేటికిని సాయంకాలపు వేళలే కలవు. ఆ సంస్థకు కార్యదర్శిగారు వ్రాసిన ఉత్తరములకు ప్రత్యుత్తరము రాలేదు. మూడేండ్ల క్రిందట కాలధర్మము నొందిన మన గ్రంథపాలకుని ఫోను నంబరే అందులో నిలిచియున్నది. ఆ ఫోను ఇప్పుడు ఆయన భార్య యొద్ద కలదు. పుస్తకములకొరకు ఫోను చేయువారు ఆయన పేరు చెప్పియే అడుగుదురు. ఆ తల్లి ప్రతివారికిని, ఆయన లేరని ఓపికతో చెప్పుచున్నది. ఆమెకు ఆ శ్రమను తప్పించుటకు మనచేతిలో ఉపాయము లేకపోవుట మనకందరకును లజ్జాకరము. కాబట్టి నేను చెప్పబోవునది వేడుకకొరకు గాదు.

వ్రాయవలసినవాడు వ్రాయలేకపోవుట

ఇట్లేల జరుగుచున్నది? కార్యకర్తల సోమరితనమని కొందరందురు. నాకట్లు తోచదు. ధర మారినదని తెలిసినవారు సంఘములోని స్త్రీలు. పుటను మార్చగలవాడు పట్టణములోని సాంకేతికుడు. తెలిసినవారికి వ్రాయు వీలు లేదు. వ్రాయగలవానికి సంగతి తెలియదు. ఈ యెడము ఉన్నంతకాలము ఎంత శ్రద్ధాళువులున్నను పుట పాతబడకమానదు.

ఈ విద్యను కనిపెట్టిన మహనీయుని ఉద్దేశము ఇది కాదు. టిమ్ బర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు స్విట్జర్లాండులోని సెర్న్ అను పరిశోధనాలయమున పనిచేయుచు 1989లో ఈ పద్ధతిని ప్రతిపాదించెను. 1990 చివర ఆయన సిద్ధపరచిన మొదటి బ్రౌజరుతో పుటను చదువుటయే కాక వ్రాయుటయు సాధ్యమయ్యెను. చదువరియు, లేఖకుడును ఒక్కడే కావలెనని ఆయన తలపు. కాని ఆ సాధనము ఒక తెగ కంప్యూటర్లమీదనే నడచెడిది. తరువాత లోకమంతట వ్యాపించిన బ్రౌజర్లు చదువుటకు మాత్రమే ఏర్పడినవి. 1993 ఏప్రిల్ 30వ తేదీన సెర్న్ సంస్థ ఈ విద్యను ఎల్లరకును ఉచితముగా విడిచిపెట్టెను. చదువు హక్కు లోకమునకు దక్కినది. వ్రాయు నేర్పు మాత్రము కొందరి చేతిలో మిగిలినది.

ఆ నేర్పును మరల జనసామాన్యమునకు దగ్గరచేయుటకు పలువురు పాటుపడిరి. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ అను అమెరికా దేశస్థుడు, చదువుచున్న పుటనే ఎవరైనను దిద్దగల వెబ్‌సైటును నెలకొల్పెను. దానికి వికీ యని పేరు. హవాయి భాషలో ఆ మాటకు త్వరితమని యర్థము. ఆ మార్గముననే 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమయ్యెను. అదే సంవత్సరము మే నెలలో మాట్ మల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అను ఇరువురు వర్డ్‌ప్రెస్ అను సాధనమును వెలువరించిరి. నేడు లోకమందలి వెబ్‌సైట్లలో నూటికి 40కి పైగా దానిపై నడచుచున్నవి. ద్రూపల్, జూమ్లా మొదలగునవియు ఆ జాతివే. వీనినన్నింటిని కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని యందురు. విషయమును నిర్వహించు వ్యవస్థయని మనము చెప్పుకొనవచ్చును.

గీతలు వేరు, పద్దులు వేరు

ఈ వ్యవస్థల రహస్యము లెక్కలవానికి మిక్కిలి సులభము. ఆవర్జా పుస్తకములో గీతలను, గడులను అచ్చువేయువాడు ఒకడు. పద్దులు వ్రాయువాడు వేరొకడు. పద్దు వ్రాయునప్పుడెల్ల గీతలు గీయువానిని పిలువనక్కరలేదు. వెబ్‌సైటులో గీతలవంటిది రూపము; పద్దులవంటిది విషయము. పూర్వము ఈ రెండును ఒకే పుటలో కలగలిసి యుండెడివి. ఒక ధరను మార్చబోయి పుటనంతను చెడగొట్టుకొనుట సాధారణము. 1996లో సీఎస్ఎస్ అను నియమావళి అంగీకృతమై, రంగులు, అక్షరముల పరిమాణము, అమరిక మొదలైన రూపవిషయములను వేరుగా వ్రాయుటకు దారియేర్పడినది. విషయ నిర్వహణ వ్యవస్థ మరియొక అడుగు ముందుకు వేసినది. విషయమంతయు ఒక ఖజానాలో నుండును; దానిని డేటాబేసందురు. ఎవరైనను పుటను కోరినప్పుడు రూపమనెడు అచ్చులో ఆ విషయమును పోసి చూపును. వ్రాయువారికి తెల్లకాగితమువంటి ఒక చోటు కనబడును. ధర 300 ఉన్నచోట 340 అని వ్రాసి, ప్రచురింపుము అను మీటను నొక్కిన చాలును.

వర్డ్‌ప్రెస్‌లో అధికారములను పంచియిచ్చు ఏర్పాటు కలదు. కంట్రిబ్యూటరు అనువాడు వ్రాయవచ్చును గాని ప్రచురింపలేడు. ఆథరు తన వ్రాతను తానే ప్రచురింపగలడు. ఎడిటరు ఇతరుల వ్రాతలను కూడ దిద్దగలడు. అడ్మినిస్ట్రేటరుకు సర్వాధికారము. మన సంఘములలో గుమాస్తా, కోశాధికారి, కార్యదర్శి, అధ్యక్షుడు ఉన్నట్లే. కొత్తగా నేర్చు పిల్లవానికి కంట్రిబ్యూటరు అధికార మిచ్చినచో వానికి భయములేదు, సంఘమునకు ప్రమాదము లేదు. ఇంకొక గుణము నన్ను మిక్కిలి ఆకర్షించినది. పుటను దిద్దినప్పుడెల్ల పూర్వపు ప్రతిని అది దాచియుంచును. లెక్కలలో తప్పు పద్దును గోకి చెరుపరాదు. అడ్డుగీత గీసి, పొడిసంతకము చేసి, సరియైనది పైన వ్రాయవలెనని మా పెద్దలు నేర్పిరి. ఆ ధర్మమే ఇందును గలదు. చేయి జారి పుట చెడినచో నిన్నటి ప్రతిని మరల తెచ్చుకొనవచ్చును.

వేరొక మార్గమును గలదు. మార్పులు తక్కువగా నుండు సంఘమునకు డేటాబేసు అక్కరలేదు. మార్క్‌డౌన్ అని 2004లో వచ్చిన సులువైన వ్రాతపద్ధతిలో విషయమును సాదా ఫైళ్లలో వ్రాసి, జెకిల్, హ్యూగో వంటి సాధనములచే పుటలను ముందుగానే తయారుచేసి సర్వరులో పెట్టుదురు. ఇవి త్వరగా తెరచుకొనును. దొంగల బెడద తక్కువ. ఉచితముగా చోటిచ్చువారును గలరు. కాని తయారుచేసి పెట్టు పని కొంత సాంకేతిక పరిచయమును కోరును. ఆ పరిచయము గల యువకుడు ఊరు విడిచి ఉద్యోగమునకు పోయినచో మొదటి చిక్కే మరల వచ్చును. కాబట్టి ఏ సాధనము గొప్పదని విచారించుటకంటె, రేపు దీనిలో వ్రాయవలసినవా రెవరు, వారి కిది చేతనగునా యని విచారించుట మేలు.

దస్త్రము ఎవరి యింట నుండవలెను?

మా తండ్రిగారు కరణీకము చేసిన కాలమున ఊరి దస్త్రమంతయు మా యింటి భోషాణములో నుండెడిది. అడంగలు నకలు కావలసినవారు మా అరుగుమీద వేచియుండెడివారు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వంశపారంపర్యములైన ఆ గ్రామోద్యోగములను రద్దుచేసినది. మంచి కరణములు ఉండిరి, కానివారును ఉండిరి. కాని ఊరందరి హక్కుపత్రములు ఒకని భోషాణములో నుండదగునా యనునదే అసలు ప్రశ్న.

నేడు అనేక సంఘముల వెబ్‌సైట్ల స్థితి అదియే. డొమైను పేరు కట్టియిచ్చినవాని పేరుమీద నుండును. పాస్‌వర్డు వానికే తెలియును. వానితో మాట పట్టింపు వచ్చినను, వాడు వృత్తి మానినను సంఘము తన పేరును తానే పోగొట్టుకొనును. డొమైను ఎవరికిని శాశ్వతముగా అమ్మబడదు. ఒక సంవత్సరము మొదలు పది సంవత్సరముల వరకు రుసుము చెల్లించి నమోదు చేసికొనవలెను. గడువులోపల మరల చెల్లింపవలెను. చెల్లింపక విడిచినచో కొంతకాలమునకు ఆ పేరును ఎవరైనను తీసికొనవచ్చును. మనకు తెలిసిన పేరుతో ఎవరో తెలియని దుకాణము వెలయును.

కావున ప్రతి సంఘమును తన రిజిస్టరులో అయిదు సంగతులు వ్రాసియుంచుకొనవలెను. మొదటిది, డొమైను సంఘము పేరుమీద నున్నదా, దాని గడువు తేదీ యెప్పుడు? రెండవది, హోస్టింగు ఎవరియొద్ద, ఏ ఖాతాక్రింద నున్నది? మూడవది, సర్వాధికారము గల ఇరువురు కార్యకర్తలెవరు? ఒక్కరే యుండరాదు, పదిమంది యుండరాదు. నాలుగవది, ఈ ఖాతాలకు సంబంధించిన ఉత్తరములు ఏ ఈమెయిలుకు వచ్చును? అది సంఘముదై యుండవలెను గాని ఒక వ్యక్తిది కారాదు. అయిదవది, వెబ్‌సైటు నకలు ఎక్కడ భద్రపరచబడినది? ఎవరి పాస్‌వర్డు వారికి వేరుగా నుండవలెను. పదవి దిగినవాని అధికారమును ఆనాడే తొలగింపవలెను. తాళపుచెవులు అప్పగించినపుడు మనము అవమానమని తలపము గదా!

పరుల భూమిలో కట్టిన యిల్లు

ఇన్ని బాధలేల, ఉచితముగా దొరకు చోట పుట పెట్టుకొందమని కొందరందురు. తప్పులేదు, కాని పరుల భూమిలో కట్టిన యిల్లని ఎరిగి కట్టుకొనవలెను. 1994లో మొదలై కోట్లకొలది పుటలకు నిలయమైన జియోసిటీస్ అను సేవను, దానిని కొన్న యాహూ సంస్థ అమెరికాలో 2009 అక్టోబరున మూసివేసెను. ఓర్కుట్ 2014 సెప్టెంబరుతో ముగిసినది. గూగుల్ సంస్థ చిన్న వ్యాపారులకు తన బిజినెస్ ప్రొఫైలుతోబాటు ఉచితముగా ఇచ్చిన వెబ్‌సైట్లను 2024 మార్చిలో నిలిపివేసెను. ఆ పుటల చిరునామాలను రసీదులపైనను, పలకలపైనను అచ్చువేయించుకొన్న వర్తకులు వానిని మార్చుకొనవలసివచ్చెను. సొంత డొమైను గలవారు మాత్రము దానిని కొత్తచోటికి త్రిప్పుకొని సుఖముగా నుండిరి. గది మారినను పేరు మారనక్కరలేదని మొదట చెప్పితిని, దాని ఫలమిదే.

వాట్సాప్ గుంపులును, ఫేస్‌బుక్ పుటలును నిష్ప్రయోజనములని నేననుట లేదు. నేటి వార్తను నేడే చాటుటకు అవి దండోరావంటివి. కాని దండోరా విననివాడు మరునాడు వచ్చి అడిగినచో చూపుటకు నోటీసు పలక కావలెను. ఆ పలకయే వెబ్‌సైటు. దండోరాలోను ఆ పలక చిరునామానే చెప్పవలెను.

కట్టించుకొనునపుడు పాటింపవలసినవి

చిన్న సంఘమునకు నాలుగైదు పుటలు చాలును. మన మెవరము, ఎక్కడ, ఏ వేళల నుందుము, ఏమి అమ్ముదుము లేక ఏమి చేయుదుము, మమ్ము కలిసికొనుట యెట్లు. ఇంతే. వార్తలకు ఒక పుట పెట్టుటకు ముందు, నెలకొకసారియైనను వ్రాయుదుమా యని మీలో మీరు ప్రశ్నించుకొనుడు. మూడేండ్ల క్రిందటి వార్తతో నిలిచిన పుటను చూచినవాడు ఆ సంఘమే లేదనుకొనును. వ్రాయలేనిదానికి చోటు పెట్టకుండుటయే వివేకము.

మారు విషయమును ఒక్కచోటనే వ్రాయవలెను. ఫోను నంబరును ఆరు పుటలలో వేరువేరుగా వ్రాసినచో, మార్చునపుడు అయిదింటిని మార్చి ఆరవదానిని మరచుట మానవ సహజము. ఒకచోట వ్రాసినది అన్ని పుటలలోను కనబడునట్లు ఏర్పాటు చేయుమని కట్టువానిని కోరుడు. ఇది వానికి కష్టము కాదు. ధరల పట్టిక క్రింద, ఏ తేదీన సరిచూడబడినదో వ్రాయుడు. కొనువానికి నమ్మకము కలుగును. వ్రాయువానికి హెచ్చరిక యగును.

ఆడంబరము కోరకుడు. ఒకప్పుడు ఫ్లాష్ అను సాధనముతో కదలు బొమ్మల వెబ్‌సైట్లను కట్టించుకొనుట గొప్పగా నుండెడిది. 2020 డిసెంబరు 31తో దానికి కాలము చెల్లినది. విషయమంతయు అందులోనే యిమిడ్చినవారి పుటలు శూన్యములైనవి. సాదా అక్షరములతో వ్రాసిన పుటలు ముప్పది యేండ్ల క్రిందటివైనను నేటికిని చదువనగును. మనవారిలో పెక్కుమంది సెల్‌ఫోనులోనే చూతురు, సిగ్నలు అంతంతమాత్రము. పెద్ద ఛాయాచిత్రములను అట్లే పెట్టక పరిమాణము తగ్గించి పెట్టవలెను.

తెలుగును తెలుగు అక్షరములుగానే వ్రాయవలెను. కరపత్రమును ఫోటో తీసి పెట్టుట మనవారికి అలవాటు. బొమ్మలోని అక్షరములను వెదకుట కష్టము; దిద్దుట అసాధ్యము; చూపులేనివారికి చదివి వినిపించు సాధనములకును అవి సరిగా అందవు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగునకు చోటు దొరికినది. మన లిపికి 128 స్థానములు కేటాయింపబడినవి. అంతకుముందు ఒక్కొక్కరి అక్షరములు ఒక్కొక్క తీరున నుండి, ఒకరి వ్రాత మరొకరి కంప్యూటరులో గజిబిజిగా కనబడెడిది. నేడు ఆ చిక్కు తీరినది. పెద్దన, ధూర్జటి, సూరన్న, గురజాడ, గిడుగు అను పేర్లతో అందమైన అక్షరరూపములు ఉచితముగా దొరకుచున్నవి. ఆ పేర్లు చూచినపుడు నాకు కలిగిన సంతోషము ఇంతింతనరాదు.

సాధనములోని లోపములను దాని కర్తలు ఎప్పటికప్పుడు సరిచేసి కొత్త కూర్పులను విడుదల చేయుచుందురు. వానిని తెచ్చుకొననివారి వెబ్‌సైట్లలోనికి దొంగలు సులభముగా చొరబడుదురు. 2013 అక్టోబరునుండి వర్డ్‌ప్రెస్ చిన్న సవరణలను తానే చేసికొను ఏర్పాటు వచ్చినది. కాని ప్లగిన్లను అదనపు పరికరములను ఇష్టము వచ్చినట్లు చేర్చుకొనినచో వానిని కనిపెట్టియుండు భారము మనదే. పనివాండ్రవలె అవియు అవసరమైనన్నియే యుండవలెను. వెబ్‌సైటుతో సంబంధము సురక్షితముగా నుండుటకు కావలసిన ధ్రువపత్రమును లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సేవ 2015 చివరినుండి ఉచితముగా నిచ్చుచున్నది. దానికి వేరుగా సొమ్మడుగువానిని కారణమడుగుడు.

ఇతరుల వివరములను వారి సమ్మతి లేక ప్రకటింపరాదు. రక్తదాతల ఫోను నంబర్లన్నింటిని పుటలో పెట్టుటకంటె సంఘము నంబరును పెట్టి, అక్కడినుండి పిలుచుట మేలు. వ్యక్తుల సమాచార రక్షణకు మన దేశములో 2023లో చట్టమే చేయబడినది. పిల్లల ఫోటోల విషయమున మరింత జాగ్రత్త వలయును.

కడపట ఒక పరీక్ష చెప్పెదను. వెబ్‌సైటు కట్టినవానికి తుది సొమ్ము చెల్లించుటకు ముందు, సంఘములో కంప్యూటరు పరిచయము అందరికంటె తక్కువగా నున్న కార్యకర్తను పిలువుడు. కట్టినవాడు చేతులు కట్టుకొని ప్రక్కన నిలబడవలెను. ఆమె తన సెల్‌ఫోనునుండి ఆవకాయ ధరను మార్చి, ఒక ఫోటోను చేర్చి, మరల తీసివేయవలెను. ఆమె చేయగలిగినచో సొమ్ము చెల్లింపుడు. చేయలేనిచో లోపము ఆమెది కాదు, కట్టడములోనిది, దానిని సరిచేయించుకొనుడు.

మన గ్రంథాలయము చేయవలసిన పని

1935లో పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువలో పుస్తకముల పడవ నడచినది. చదువరి రాలేనిచోటికి గ్రంథాలయమే పోవలెనని ఆనాటివారు తలచిరి. గ్రంథాలయ శాస్త్రాచార్యులు ఎస్. ఆర్. రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన పంచసూత్రములలో నాలుగవది చదువరి కాలమును వృథా పోనీయరాదని బోధించును. అయిదవది గ్రంథాలయమును పెరుగుచుండు ప్రాణిగా భావించును. తప్పు వేళలు చూపు వెబ్‌సైటు నాలుగవ సూత్రమును, మార్చుటకు వీలులేని వెబ్‌సైటు అయిదవ సూత్రమును భంగపరచుచున్నవి.

కావున కార్యవర్గమునకు మూడు మనవులు చేయుచున్నాను. గ్రంథాలయము పేరుమీదనే ఒక డొమైనును తీసికొనవలెను. దీనికగు వ్యయము సంవత్సరమునకు వేయి రూపాయల లోపుననో, దానికి కొంచెము పైననో యుండును. మొదటి అయిదేండ్ల రుసుమును నేనిచ్చుకొందును. రెండవది, కొత్త పుటలో వేళలు, కొత్తగా వచ్చిన పుస్తకముల పట్టిక, నేటి గ్రంథపాలకుని నంబరు పెట్టి, నెల మొదటి దినమున సరిచూచు పనిని కార్యవర్గ సమావేశపు అంశములలో చేర్చవలెను. పాత పుటను తొలగింపుమని ఆ సంస్థకు తీర్మానరూపమున మరల వ్రాయవలెను. మూడవది, ప్రతి ఆదివారము మధ్యాహ్నము రెండు గంటలసేపు ఇక్కడి కంప్యూటరువద్ద ఊరిలోని దుకాణదారులకును, పొదుపు సంఘముల స్త్రీలకును ఈ వ్రాతను నేర్పవలెను. నేర్పుటకు మన కళాశాల విద్యార్థులు చాలుదురు. లెక్క చూచుటకు నేనుందును.

ఒకప్పుడు మన ఊరిలో చదువరాని పెద్దలకు ఉత్తరములు చదివిపెట్టుటకు, వ్రాసిపెట్టుటకు ఒకరిద్దరే ఉండెడివారు. అక్షరాస్యత వచ్చి ఆ పరాధీనతను పోగొట్టినది. ఇదియును అట్టి అక్షరాస్యతయే. తన దుకాణపు ధరను తాను వ్రాసికొనుట, తన సంఘపు వార్తను తాను ప్రకటించుకొనుట ప్రతివానికిని చేతగావలెను. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి ఊరిలో ఈ పనికై పరులను ఆశ్రయించువారు ఉండకుందురు గాక!